షెఫాలీ మాసి అడిగిన అంబలి

పోయిన ఎండాకాలం మా అత్త జోగమ్మ అంబలి కాయడం మానేసింది. ఇదీ ఒక విశేషమేనా అని మీరు నవ్వుతారు. నవ్వే ముందు ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా లైన్ వాళ్ళనెవరినైనా అడిగి చూడండి. వర్క్‌షాపు సైరన్ ఒకపూట మోగకపోయినా వాళ్ళు సర్దుకుంటారు గానీ, ఎండలు ముదిరాక మా వెనక వసారాలో అంబలి కుండ లేకపోతే వాళ్ళ కాళ్ళూ చేతులూ ఆడవు.

మా లైన్ సంగతి ముందు చెప్పాలి. వరసగా రైల్వే క్వార్టర్లు, ఒక్కో ఇంటి వెనకా ఇంత దొడ్డి, దొడ్డికీ దొడ్డికీ మధ్య నడుమెత్తు గోడ. నేను పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో వంటింట్లో అలమర తీస్తే మా గిన్నెలు ఒక్కటీ కనబడేవి కావు. అన్నీ పరాయివే. పక్కింటి మండల్ వాళ్ళ కంచు గిన్నె, జెనీ ఆంటీ పింగాణీ పళ్ళెం, నూకయ్య మావ కేరేజీ గిన్నె. మావి వాళ్ళ ఇళ్ళల్లో ఉండేవి.

"అత్తా, మన సామానంతా ఏదీ?" అని అడిగాను ఒకరోజు.

"తిరగడానికెల్లినాది. అదే వొచ్చెస్తాదిలే" అంది అత్త.

ఎవరూ కూచుని మాట్లాడుకుని పెట్టుకున్న ఏర్పాటు కాదది. మా దొడ్లో గోంగూర, తోటకూర, వంగ మొక్కలు. నూకయ్య మావ దొడ్లో మునగచెట్టు. జెనీ ఆంటీ పెరట్లో బొప్పాయి. పక్కింటి మండల్ వాళ్ళ షెఫాలీ మాసి గోడంతా బచ్చలి తీగ, చూరు మీద గుమ్మడి పాదు. ఒకరు వేసింది ఇంకొకరు వెయ్యరు. వేస్తే ఇచ్చిపుచ్చుకోడానికి ఏం మిగులుతుంది? స్నానాల నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు మొక్కలకే. ఏ ఇంట్లో ఏది కాస్తే అది ఆ వారం లైనంతా తినాలి. ఇందా పేట వైపు నుంచి వచ్చే కూరగాయల బండివాడు మా లైన్ మొదట్లో నిలబడి గొంతు పోయేదాకా అరిచి, "ఈ లైన్లో అమ్మే బదులు పట్టాల మీద కూచుని రైళ్ళకి అమ్ముకోవచ్చు" అని తిట్టుకుంటూ వెళ్ళిపోయేవాడు.

పారేసేది కూడా ఏమీ ఉండేది కాదు. గుమ్మడి తొక్కు సన్నగా తరిగి వేయించడం మా అత్తకి మాసి నేర్పింది. ఆనపకాయ తొక్కు పచ్చడి మాసికి మా అత్త నేర్పింది. ఎవరిది ఎక్కువ రుచో అని గోడకి ఇటూ అటూ నిలబడి గంటలకొద్దీ వాదించుకునేవాళ్ళు. ఇద్దరూ ఒకర్నొకరు దీదీ అనే పిలుచుకునేవాళ్ళు. ఎవరు పెద్దో ఎప్పటికీ తేలలేదు. ఎదుటిదే పెద్దదని ఇద్దరూ ఒట్టు పెట్టి మరీ చెప్పేవాళ్ళు.

మాసి మొగుడు నిమాయ్ బాబు, మా మావగారు తవిటయ్యగారు వర్క్‌షాపులో కలిసి పనిచేశారు. మావగారు పోయారు, నిమాయ్ బాబు రిటైరయ్యాడు. ఇప్పుడు మాసి కొడుకు జాయ్, మా ఆయన సాయికుమార్ అదే వర్క్‌షాపులో పక్కపక్కన నిలబడి పనిచేస్తున్నారు. మేం జాయ్ వాళ్ళమ్మనీ, జాయ్ మా అత్తనీ మాసి అనే పిలుస్తాం, పిన్ని అని. జాయ్‌కి ఇంకా పెళ్ళి కాలేదు. ఆ ఇంట్లో ఆడదిక్కు అంటే మాసి ఒక్కతే.

ఇక అంబలి సంగతి. మా అత్త పలాస పక్క పల్లె నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడకి బెంగాలీ ముక్క కూడా రాదు. ఒకరోజు పక్కింటి కొత్త కోడలు, అదే మాసి, గోడ దగ్గరికొచ్చి, ఛాతీ మీద చెయ్యి రాసుకుంటూ, "అంబొల్ హొయేఛే" అందట. బెంగాలీలో అంబొల్ అంటే తిన్నది అరక్క వచ్చే గుండె మంట, పులి తేన్పులు; హొయేఛే అంటే వచ్చింది. ఇక్కడి వాళ్ళకి అదొక జబ్బు కాదు, వారానికి నాలుగుసార్లు వచ్చిపోయే చుట్టం. మా అత్తకి అదేం తెలుసు? పాపం, ఈ పిల్లకి అంబలి తాగాలనుంది కాబోలు అనుకుని, గ్లాసు నిండా చోడి అంబలి, అంటే రాగి అంబలి, పోసి, ఉల్లిపాయ ముక్కా పచ్చిమిరపకాయా పక్కన పెట్టి మరీ ఇచ్చింది. ఆవిడకి కాదనడానికి మొహమాటం. తాగేసింది. తాగితే మంట కాస్తా చల్లారింది. మర్నాడు మళ్ళీ గోడ దగ్గరికొచ్చింది. ఈసారి మంట లేదు, నవ్వుతూ వచ్చింది. "దీదీ, అంబొల్ హొయేఛే!"

అప్పట్నుంచీ అదే మాట. మాసికి అంబలి కావాలంటే అలాగే కేకేసేది. లైన్లో పిల్లలకి కూడా పాకింది. గ్లాసులు పట్టుకుని మా వసారాలోకి దూరి, పొట్టలు పట్టుకుని "అంబొల్ హొయేఛే" అని మెలికలు తిరిగేవాళ్ళు. మా అత్త గరిటె చూపించి బెదిరించి, అందరికీ పోసేది.

ఆ వేళ పొద్దున్నే ఎండ నిప్పులు చెరుగుతోంది. అత్త పొయ్యి దగ్గర కూచుని నూకలూ చోడిపిండీ ఉడుకుతున్న కుండ తిప్పుతోంది. నేను గడప మీద కూచుని ఉల్లిపాయలు కోస్తున్నాను. గోడ అవతల నుంచి మాసి గొంతు వినిపించింది.

"దీదీ... అంబొల్ హొయేఛే."

"ఎక్టు దాడాఓ, సల్లారనీ!" అంది అత్త, కాస్త ఆగమని, తల తిప్పకుండానే. మాసితో ఆవిడ మాట్లాడే భాష ఇదే, సగం అక్కడిది, సగం ఇక్కడిది. "ఇప్పుడే దించుతన్నాను దీదీ, నోరు కాలిపోద్ది. సిటికెలో తెస్తాను."

మాసి గోడ పట్టుకుని నిలబడింది. కొంగుతో మొహం తుడుచుకుంటోంది. ఆ ఎండలో చెమట పట్టని వాళ్ళెవరు? నాకూ జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. అత్త అంబలిని ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ఎత్తిపోసి చల్లార్చి, మజ్జిగ కలిపి, ఉప్పు చూసి, గోడ మీద పెట్టింది. మాసి ఎడమచేత్తో ఛాతీ రాసుకుంటూ కుడిచేత్తో గ్లాసెత్తి తాగింది. సగం తాగి ఆగి, ఊపిరి తీసుకుని, మిగతా సగం తాగింది.

"సల్లబడినాదా?" అని అడిగింది అత్త.

"భాలో" అంది మాసి. బాగుంది అని.

ఖాళీ గ్లాసు గోడ మీద పెట్టి మెల్లిగా లోపలికి వెళ్ళిపోయింది. అత్త ఆవిడ కోసం కోసి కట్ట కట్టిన గోంగూర గోడ మీదే ఉండిపోయింది. తర్వాత తీసుకుంటుందిలే అనుకున్నాను.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చిన జాయ్ కేక విని లైనంతా పరిగెత్తింది. మాసి వంటింట్లో గచ్చు మీద పడి ఉంది. ఆటో దొరికింది, నూకయ్య మావా జాయ్ కలిసి ఎత్తి కూచోబెట్టారు, ఆస్పత్రికి తీసుకెళ్ళారు. సాయంత్రానికి తిరిగి తీసుకొచ్చారు. తీసుకొచ్చింది మాసిని కాదు.

జాయ్ మా అత్త రెండు చేతులూ పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు. "పొద్దున్నే మొదలై ఉంటుందన్నాడు డాక్టరు, మాసీ. గుండెపోటు. ముందే తెచ్చి ఉంటే చూసేవాళ్ళమన్నాడు. ఛాతీలో నొప్పి అని ఎవరితోనూ అనలేదా అని నన్నడిగాడు. అమ్మ ఎవరితోనూ అనలేదు. ఒక్క మాట అంటే నేను పని వదిలేసి వచ్చేవాణ్ణి కదా మాసీ, ఒక్క మాట!"

నిమాయ్ బాబు గోడకి చేరగిలబడి కూచుని ఉన్నాడు. తల ఎత్తలేదు. మా అత్త జాయ్ చేతుల్లోంచి తన చేతులు లాక్కుంది. ఏడుస్తున్న పిల్లాడి చేతులు విడిపించుకోవడం ఏమిటని లైన్లో ఆడవాళ్ళు వింతగా చూశారు. నాకు మాత్రం ఎందుకో తెలిసింది. పొద్దున ఆ గోడ దగ్గర ఉన్నది మేమిద్దరమే.

మర్నాడు మా ఆయన స్నానం చేసి వచ్చేసరికి అత్త దారికి అడ్డంగా నిలబడి ఉంది.

"ఒరే సాయీ, దీదీ సెప్పింది."

"ఏటి సెప్పింది?"

"గుండి మీద సెయ్యేసుకుని సెప్పింది. అంబొల్ హొయేఛే అన్నాది. నాను అంబలెట్టినాను. అది పేనం పోతందని సెప్తే, నాను ఉప్పు సాల్నాదా అని సూసుకున్నాను."

 ఈయన గొంతు తగ్గించి అన్నాడు. "ఆ మాట ఇంకెవరితోటీ అనకమ్మా."

"జాయ్‌తో సెప్పాల. నిమాయ్ దాదాతో సెప్పాల."

"ఏటని సెప్తావు? మీ అమ్మ సెప్పింది, నాకు బోదపడనేదు అని సెప్తావా? ఆడు రోజూ నా పక్కన నిలబడి పనిచేసే మనిషి. అమ్మ ఎవులికీ సెప్పనేదనే ఏడుస్తన్నాడు ఇప్పుడు. సెప్పింది, మీరే ఇనిపించుకోనేదు అని తెలిస్తే మన గుమ్మం తొక్కుతాడేటి? సెప్తే సెఫాలి మాసి లెగిసొస్తాదా?"

"రాదు. అందుకని దాసీమంటావా?"

"దాసీమన్నేదు. ఊరుకోమన్నాను."

"రొండూ ఒకటి కాదేటిరా?"

ఆయన చొక్కా వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. నాకు ఇద్దరి మాటా సబబుగానే అనిపించింది. ఈ ఇంట్లో నా ఖర్మే అది. తల్లి వైపు చూస్తే తల్లి న్యాయం, కొడుకు వైపు చూస్తే కొడుకు న్యాయం. కోడలికి మాత్రం ఏ న్యాయమూ మిగలదు.

ఆ రోజే అత్త అంబలి కుండ కడిగి దొడ్లో బోర్లించింది. ఎవరైనా గ్లాసు పట్టుకుని వస్తే "సోళ్ళు అయిపోనాయి" అనేది. డబ్బా నిండా చోడిపిండి ఉంది. పిల్లలు రెండు రోజులు వచ్చి చూసి, తర్వాత రావడం మానేశారు.

పక్కింట్లో తండ్రీకొడుకులు మైల పట్టారు. కోరా బట్ట కట్టుకుని, మట్టికుండలో ఒంటిపూట ఉడకేసుకుని తింటున్నారు. లైన్లో ప్రతి ఇంటి నుంచీ అరటిపళ్ళు, పాలు, పచ్చి అరటికాయలు వెళ్ళాయి. మా ఇంటి నుంచి నేనే తీసుకెళ్ళాను.

"దీదీ రాలేదా?" అని అడిగాడు నిమాయ్ బాబు.

"మోకాళ్ళ నొప్పులు" అన్నాను.

రెండోసారి వెళ్ళినప్పుడు కూడా అడిగాడు. మూడోసారి అడగలేదు. పళ్ళు తీసుకుని లోపల పెట్టుకున్నాడు, అంతే.

అత్త తిండి మానేసినంత పని చేసింది. చద్దన్నంలో నీళ్ళూ ఉప్పూ, అదీ నాలుగు ముద్దలు. మేం ఏం వండినా ముట్టేది కాదు. నూకయ్య మావ మునక్కాడలు పట్టుకొస్తే, "మాకెందుకు బావా, ఇంకెవులికైనా ఎట్టు" అంది. జెనీ ఆంటీ బొప్పాయి పంపిస్తే తిప్పి పంపేసింది. ఇచ్చే చెయ్యి ఎన్నిసార్లని చాస్తారు? మా ఇంటి మీదుగా తిరిగేవన్నీ తిరగడం మానేశాయి. మునక్కాడలు చెట్టు మీదే ముదిరి ఎండిపోయాయి. బొప్పాయి కాకులు తిన్నాయి. పక్క గోడ మీద మాసి బచ్చలి తీగ వాడిపోతుంటే, చెంబెడు నీళ్ళు పొయ్యమ్మా అని అడిగాను.

"నాకు సెయ్యాడదే మీనా. నువ్వు పొయ్యి" అంది.

నేను పోశాను. కానీ ఆ తీగ నా చేతి నీళ్ళకి తేరుకోలేదు.

ఒక్కొక్కటిగా మా గిన్నెలు ఇంటికొచ్చేశాయి. జెనీ ఆంటీ పనిమనిషి చేత పంపింది. నూకయ్య మావ గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు. పెళ్ళయి వచ్చాక మొదటిసారి మా అలమర మా సామానుతో నిండింది. ఆ నిండిన అలమర చూసి నాకు ఏడుపొచ్చింది. కూరగాయల బండివాడు మాత్రం ఇప్పుడు లైన్లో ప్రతి గుమ్మం ముందూ ఆగుతున్నాడు. వాడు రాని రోజున ఈయన ఫోన్లో నొక్కితే ప్లాస్టిక్ సంచీలో తోటకూర వచ్చేది. దొడ్లో మా తోటకూర పూత పట్టి ముదిరిపోతోంది, కోసేవాళ్ళు లేక. ఇంట్లో సంచీలోది వండుతున్నాను. ఇదేం బతుకని నాకు నామీదే చిరాకేసేది.

ఒకరోజు ఈయన డ్యూటీ నుంచి వచ్చి కంచం ముందు కూచుని, కలిపిన అన్నం కలిపినట్టే వదిలేశాడు.

"జాయ్ అడిగినాడు" అన్నాడు నాతో. "మాసికి మామీద కోపమేటి దాదా, మేం ఏటి సేసినాం అని. ఏటి సెప్పమంటావు?"

అత్త వసారాలో కూచునుంది, వినిపించే ఉంటుంది. లేచి దొడ్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ నడుస్తుంటే వెనక నుంచి చూశాను. జాకెట్టు భుజాల మీంచి జారిపోతోంది, చీర కుచ్చిళ్ళు నేల మీద ఈడుస్తున్నాయి. ఇలాగే ఉంటే ఈ మనిషి మాసి వెనకే వెళ్ళిపోతుందని నాకు గట్టి భయం పట్టుకుంది. చెప్తే రెండిళ్ళూ విరిగిపోతాయి. చెప్పకపోతే ఈ ఇంట్లో మనిషి దక్కదు. ఈయన కూడా ఆ వైపే చూస్తున్నాడు. కానీ నోరు తెరిచి 'సరే, సెప్పెయ్' అనలేకపోయాడు.

శ్రాద్ధం రేపనగా సాయంత్రం నిమాయ్ బాబు మా ఇంటికొచ్చాడు. ఎప్పుడూ గోడ దగ్గర నిలబడి పిలిచే మనిషి, వీధి గుమ్మంలోంచి పరాయివాడిలా వచ్చి తలుపు కొట్టాడు. గుండు చేయించుకున్నాడు. మనిషి సగమైపోయాడు. ఈయన కుర్చీ వేశాడు. అత్త గోడవారగా నిలబడింది.

"దీదీ, నామీద కోపమేమైనా ఉంటే తర్వాత తిట్టు" అన్నాడు బెంగాలీలో. "రేపు దానికి పళ్ళెం పెట్టాలి. దానికి ఇష్టమైనవన్నీ పెట్టమన్నాడు పురోహితుడు. పాయసం, మామిడిపళ్ళు, మిఠాయి జాయ్ చూసుకుంటున్నాడు. అంబలి మాత్రం నువ్వే చెయ్యాలి. రేపటికి పులవాలంటే పిండి ఇవాళే నానబెట్టాలి కదా, అందుకే ఇప్పుడొచ్చాను."

ఇన్నేళ్ళూ గోడకి అవతల కూచుని ఈ అంబలి తయారీ అంతా ఆయన చెవిన పడుతూనే ఉందన్నమాట. 

"నా సేతి అంబలి దీదీకి ఎట్టకు దాదా" అంది అత్త.

"ఎందుకు?"

అత్త నోరు తెరిచింది.  కుళాయి దగ్గర బిందెల కోసం బెంగాలీలో దెబ్బలాడిన మనిషి, గోల్‌బజార్‌లో బెంగాలీలో బేరమాడి దుకాణం వాణ్ణి ఏడిపించిన మనిషి. ఆ పూట ఒక్క ముక్క రాలేదు. నావైపు తిరిగింది.

"మీనా, నువ్వు సెప్పవే. నానంటాను, నువ్వు ఆ బాసలో సెప్పు."

ఈయన నావైపు చూశాడు. తల అడ్డంగా ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు. నేను అత్త మొహం చూశాను. ఇంక ఎవరి మొహమూ చూడలేదు.

"ఆయేల పొద్దుట దీదీ గోడ కాడికొచ్చింది" అంది అత్త. నేను చెప్పాను. "అంబొల్ హొయేఛే అన్నాది." ఆ మాట నేను తిప్పి చెప్పక్కర్లేకపోయింది. "ఎప్పుడూ అన్నట్టే అన్నాదనుకున్నాను. గుండి రాసుకుంటంది, సూసినాను. సూసీ అంబలెట్టినాను. అది జాయ్‌తో సెప్పనేదు గానీ నాతో సెప్పింది దాదా. నాకే సెప్పింది." నేను అదీ చెప్పాను.

నిమాయ్ బాబు తన చేతుల వైపు చూసుకున్నాడు. ఆయన లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. కసురుతాడనుకున్నాను. ఈయన గుమ్మం పక్కకి వెళ్ళి నిలబడ్డాడు.

"నాకూ అదే మాట చెప్పింది" అన్నాడు నిమాయ్ బాబు.

నేను తెలుగులో చెప్పబోయాను. అత్త చెయ్యెత్తి ఆపింది.

"నీకంటే ముందే చెప్పింది దీదీ. మంచం మీంచి లేస్తూనే. నువ్వు తెలుగుదానివి, నీకు అంబలి అని వినబడింది. నేను బెంగాలీవాణ్ణి. నాకు సరిగ్గానే అర్థమైంది. అంబొల్ అంటే అంబొలే అనుకున్నాను. గ్యాస్ మందు మూతలో పోసి ఇచ్చాను. నోట్లో పోసుకుని, వికారంగా ఉందని ఉమ్మేసింది. రాత్రి అడ్డమైనవన్నీ తినడం, పొద్దున్నే నా ప్రాణం తియ్యడం అని కసిరాను. పేపరు తీసుకుని వీధిలోకి వెళ్ళిపోయాను, భోజనం వేళ దాకా రాలేదు. నేనటు వెళ్ళగానే లేచి నీ గోడ దగ్గరికి వచ్చి ఉంటుంది." ఆగి, మళ్ళీ అన్నాడు. "అమ్మ ఎవరితోనూ అనలేదు అని వాడు ఏడుస్తుంటే పక్కనే కూచుని విన్నాను దీదీ. నోరు పెగల్లేదు."



"నేనిచ్చింది ఉమ్మేసింది" అన్నాడాయన. "నువ్విచ్చింది తాగింది."

అప్పుడు ఏడ్చింది మా అత్త. మాసి పోయిన రోజున కూడా కంట తడి పెట్టని మనిషి, గోడకి జారబడి కూచుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. నిమాయ్ బాబు ఓదార్చలేదు. ఆయన్ని ఓదార్చేవాళ్ళూ ఎవరూ లేరక్కడ. ఇద్దరూ ఒకరి ఎదురుగా ఒకరు కూచుని ఏడ్చుకున్నారు.

చివరికి అత్త మొహం తుడుచుకుంది. ఈసారి బెంగాలీ దానంతటదే వచ్చింది, ఎప్పట్లాగే సగం తెలుగుతో. "జాయ్‌కి సెప్పొద్దు దాదా. ఆడు కుర్రోడు, ఇది ఆడికి అరగదు. మన లైన్లో ఏటి కాసినా ఇంటింటికీ పంచీడమే కదా ఇన్నాళ్ళూ. ఇది మాత్రం పంచొద్దు. ఇది మనిద్దరం తినీద్దాం."

నిమాయ్ బాబు తలూపాడు.

ఈయన ఒక్కసారి దగ్గి, మొహం కడుక్కునే వంకతో కుళాయి దగ్గరికి వెళ్ళాడు. తను చెప్పొద్దన్నప్పుడు వినని తల్లి ఇప్పుడు తనే చెప్పొద్దంటోంది. తన చెప్పొద్దూ ఆవిడ చెప్పొద్దూ ఒకటి కావని ఆయనకీ అర్థమై ఉంటుంది. అత్త లేచి దొడ్లోంచి కుండ తెచ్చి కడిగింది. చోడిపిండి డబ్బా తెమ్మంది. ఆవిడ పిండి కలిపి మూత పెట్టేదాకా నిమాయ్ బాబు ఆ కుర్చీలోనే కూచుని చూశాడు.

మర్నాడు మాసి పటం ముందు పళ్ళెంలో పాయసం, మిఠాయిల పక్కన మట్టి పిడతలో అంబలి పెట్టారు. పురోహితుడు ఇదేమిటని అడిగితే, "అమ్మకి ఇష్టం" అన్నాడు జాయ్. తంతు అంతా అయ్యాక లైను వాళ్ళందరికీ విస్తళ్ళు వేశారు. అత్త కుండ దగ్గర కూచుని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పోస్తోంది. నూకయ్య మావ వచ్చి రెండో గ్లాసు కూడా పట్టించుకున్నాడు. అత్త కోసం నేను ఒక విస్తరి తీసి పక్కన పెట్టాను. అన్నం, పప్పు, గుమ్మడికాయ కూర.

జాయ్ వచ్చి ఆవిడ పక్కన నేల మీద కూచున్నాడు. గుండుతో చిన్నపిల్లాడిలా ఉన్నాడు. గ్లాసు తీసుకుని కొంచెం తాగి, ఆగాడు.

"మాసీ, ఆవేళ అమ్మ నీ దగ్గరికి వచ్చిందా?"

విస్తళ్ళు తీస్తున్న ఈయన చేతులు ఆగిపోయాయి. నిమాయ్ బాబు ఎదురు వరసలో కూచున్నాడు. తల వంచుకుని ముద్ద కలుపుతున్నాడు, కలుపుతూనే ఉన్నాడు.

"వొచ్చింది బాబూ" అంది అత్త.

"అంబలి తాగిందా?"

"గ్లాసుడూ తాగింది."

"ఏమైనా అందా?"

అత్త గరిటె కుండలో పెట్టి, కిందకంటా ఒకసారి తిప్పింది.

"బాగుందన్నాది."

జాయ్ ఊపిరి వదిలాడు. ఇన్నాళ్ళూ బిగబట్టుకున్నది వదిలినట్టు వదిలాడు. "అయితే అప్పటికింకా నొప్పి లేదన్నమాట. ఉంటే నీకైనా చెప్పేది కదా మాసీ."

"సెప్పీది బాబూ" అంది మా అత్త. "నాకు సెప్పకుండా ఉంటాదా?"

వాడు గ్లాసు ఖాళీ చేసి ముందుకి చాపాడు. ఆవిడ నిండా పోసింది.